ఎంసీబీ కాపలా గోడ వరకే

(బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, దసరాకు ముందు ఆదివారం తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంట్లో కరెంటు జాగ్రత్తల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అంత పెద్ద విషయం ఎత్తుకుంటే భోజనాల వేళ దాటిపోతుంది, పులిహోర వాసన ఇప్పటికే వస్తోంది. అందుకని ఒక్క వస్తువునే పట్టుకుని వచ్చాను. ఈ బల్ల మీద ఉన్నది ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఇది లేని ఇల్లు ఈ ఊళ్ళో ఉందంటే నేను నమ్మను. అద్దె ఇళ్ళలో గదికి ఒకటో రెండో సాకెట్లు ఉంటాయి, అవి కూడా సరిగ్గా బీరువా వెనకో మంచం తలాపునో ఉంటాయి. మనకేమో ల్యాప్‌టాప్, రూటర్, రెండు ఫోన్లు, టేబుల్ ఫ్యాను. బోర్డు కొనక తప్పదు. కొనవద్దని చెప్పడానికి నేను రాలేదు.

నేను వచ్చింది ఒక్క భరోసాను చెడగొట్టడానికి. ఎవరిని అడిగినా, "మా ఇంట్లో ఎంసీబీ ఉందండీ, ఏదైనా తేడా వస్తే అదే పడిపోతుంది" అంటారు. ఎంసీబీ అంటే మీటరు పెట్టెలో ఉండే, కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే స్విచ్. దాన్ని పెట్టింది గోడలో ఉన్న తీగ కోసం. పవర్ ప్లగ్గు లైనులో 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి, దానికి తగినట్టు 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు. ఇప్పటి ఫ్లాట్లలో సన్నకాళ్ళ ప్లగ్గూ లావుకాళ్ళ ప్లగ్గూ రెండూ పట్టే సాకెట్లే ఎక్కువ. అందులో మీరు ఒక చౌక బోర్డు గుచ్చారనుకోండి. దాని తీగ 0.75 చదరపు మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా సన్నం. 0.75 తీగ నిలకడగా మోయగలిగేది సుమారు 7 ఆంపియర్లు. దాని మీద మీరు 11 ఆంపియర్లు లాగుతుంటే ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇంకో సంగతి వినండి. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే టక్కున పడిపోతుందని చాలామంది అనుకుంటారు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్ల దగ్గర, అంటే సుమారు 18 ఆంపియర్ల దగ్గర, అది గంటసేపు పడకూడదు. 1.45 రెట్ల దగ్గర, అంటే సుమారు 23 ఆంపియర్ల దగ్గర, గంటలోపు పడితే చాలు. లావు తీగకు ఆ గంట ఒక లెక్క కాదు. సన్న తీగకు ఆ గంటలో పైతొడుగు మెత్తబడిపోతుంది. షార్ట్ సర్క్యూట్ అయితే మాత్రం ఎంసీబీ క్షణంలో పడుతుంది, దాని గొప్పతనం దానిదే. కానీ మన ఇళ్ళలో బోర్డులు మాడేది ఎక్కువగా ఇలా నెమ్మదిగానే.

బ్రిటన్‌లో ఈ చిక్కును ప్లగ్గులోనే తేల్చేశారు. అక్కడ ప్రతి ప్లగ్గు కడుపులో ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. మనం వాడే గుండ్రటి కాళ్ళ ప్లగ్గు కూడా వాళ్ళ పాత నమూనాయే. 1947లో వాళ్ళు ఫ్యూజు ఉన్న చదరపు కాళ్ళ ప్లగ్గుకు ప్రమాణం తెచ్చుకుని మెల్లగా అటు మారారు. సరిగ్గా ఆ ఏడాదే మనం వాళ్ళను వదిలించుకున్నాం, వాళ్ళు వద్దనుకున్న ప్లగ్గును మాత్రం ఉంచుకున్నాం. (నవ్వులు) అందుకే మన దగ్గర గోడ దాటాక కాపలా లేదు. ఆ కాపలా మనమే కాయాలి. అందుకు కావలసిందల్లా ఒక భాగహారం.

మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. వస్తువు మీద రాసిన వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. సన్నకాళ్ళ ప్లగ్గు ఉన్న బోర్డు 6 ఆంపియర్లది. 6ను 230తో గుణిస్తే 1380 వాట్లు. ఇది బోర్డు మొత్తానికి. నాలుగు సాకెట్లు ఉన్నాయి కాబట్టి నాలుగు ఆర్లు ఇరవై నాలుగు అని లెక్కవేసే వాళ్ళను నేను చూశాను, అందులో ఇంజనీరింగ్ చదివిన వాళ్ళూ ఉన్నారు. అన్ని సాకెట్లూ కలిసి ఒకే తీగ, ఒకే ప్లగ్గు నుంచి తాగుతాయి. ఫోన్ ఛార్జరు ఇరవై వాట్లు, ల్యాప్‌టాప్ అరవై అయిదు, టీవీ వంద అటూ ఇటూ. వీటిని ఎన్ని పెట్టినా బోర్డుకు బరువు కాదు. గండం వేడి పుట్టించే వస్తువులతో వస్తుంది. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, నీళ్ళు కాచే కెటిల్ 1500, ఇండక్షన్ స్టవ్ 2000, గీజరు 2000 నుంచి 3000. కెటిల్ ఒక్కదానికే ఆరున్నర ఆంపియర్లు. అంటే 6 ఆంపియర్ల బోర్డుకు కెటిల్ ఒక్కటే ఎక్కువ. పక్కనే ఇస్త్రీ పెట్టె కూడా పెడితే నేను ఇందాక చెప్పిన 11 ఆంపియర్లకు దగ్గరగా వచ్చేశారు. పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో ఉండే మన పిల్లలు చేసే పని సరిగ్గా ఇదే. ఒక బోర్డు, దానికి కెటిల్, ఇండక్షన్ స్టవ్, చలికాలం వస్తే బకెట్‌లో వాటర్ హీటర్ రాడ్డు. మీ అబ్బాయో అమ్మాయో అలాంటి చోట ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు మంచం కింద చూడండి.

వేడి ఎలా పెరుగుతుందో కూడా తెలియాలి. కరెంటు రెట్టింపు అయితే తీగలో వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. ఈ సూత్రం ఈ రాష్ట్రానికి కొత్తది కాదు. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తును కోలారు బంగారు గనులకు దాదాపు 150 కిలోమీటర్లు తీసుకువెళ్ళారు. తక్కువ వోల్టేజీలో పంపితే కరెంటు ఎక్కువవుతుంది, దారిలోనే అంతా వేడిగా ఆవిరైపోతుంది. అందుకని వోల్టేజీని వేలల్లోకి పెంచి, కరెంటును తగ్గించి పంపారు. ఆ విద్యుత్తే 1905లో బెంగళూరు వీధి దీపాలకూ వచ్చింది. మన బోర్డుకు ఆ వెసులుబాటు లేదు. వోల్టేజీ 230 దగ్గరే ఉంటుంది, కాబట్టి మన చేతిలో ఉన్నవి రెండే: లాగే కరెంటును తగ్గించడం, తీగ లావు పెంచడం.

లావు ఎంత తేడా చేస్తుందో చూడండి. అయిదు మీటర్ల బోర్డు, 0.75 తీగ, దాని మీద 2000 వాట్ల వస్తువు. తీగలో పుట్టే వేడి దాదాపు 20 వాట్లు. అదే 1.5 తీగ అయితే సగం, 10 వాట్లు. ఆ 20 వాట్లు కూడా అయిదు మీటర్ల పొడవునా పరుచుకుని గాలి తగులుతూ ఉంటే తీగ వెచ్చబడి ఊరుకుంటుంది. కానీ మనం ఏం చేస్తాం? చూడటానికి బాగుండదని మిగిలిన తీగను చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, టీవీ స్టాండు వెనక దోపుతాం. వేడి అంతా గుప్పెడు చోటులో చేరుతుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. చక్రానికి చుట్టి అమ్మే పొడవాటి తీగల మీద అందుకే రెండు అంకెలు ముద్రిస్తారు, చుట్టి ఉన్నప్పుడు ఇంత, పూర్తిగా విప్పితే ఇంత అని. రెండు మీటర్లు సరిపోయే చోటికి అయిదు మీటర్లది కొనకండి. బరువైన వస్తువు పెట్టేటప్పుడు చుట్ట విప్పేయండి.

ఇంతవరకు తీగ గురించే చెప్పాను. నిజానికి నా అనుభవంలో తీగకన్నా ముందు పాడయ్యేవి అతుకులు. దగ్గరకు రండి, వెనక వాళ్ళు కూడా రావచ్చు. ఇది ఒక ఇంట్లో వాడి పక్కన పెట్టిన బోర్డు, అడుగు మరలు విప్పి తెచ్చాను. ఈ రెండో సాకెట్ చూడండి. పైన ప్లాస్టిక్ తెల్లగా ఉంది, ఈ ఒక్క రంధ్రం చుట్టూ మాత్రం పసుపు తిరిగి, అంచు గోధుమ రంగుకు వచ్చింది. లోపల ఆ రంధ్రానికి ఎదురుగా ఉన్న ఇత్తడి రేకు చూడండి, మిగతావి మెరుస్తున్నాయి, ఇది నల్లబడింది. దీని రెండు రెక్కలూ విచ్చుకుపోయాయి. పక్క సాకెట్‌లో ప్లగ్గు పెడితే బిగుతుగా పట్టుకుంటుంది, ఇందులో పెడితే ఇదిగో, ఊగుతోంది. ప్లగ్గు కాలు రేకుకు పూర్తిగా ఆనకుండా ఎక్కడో ఒక చుక్క దగ్గర తగులుతుంది. ఆ చుక్కలో పావు ఓము నిరోధం ఉన్నా, 10 ఆంపియర్లు పారితే 25 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో సోల్డరింగ్ చేసే ఇనుము ఉంటుందే, దానిది కూడా అంతే, 25 వాట్లు. అంటే మీ బోర్డు లోపల ఒక సోల్డరింగ్ ఇనుము వేసి మూతపెట్టినట్టు. ఒకసారి వేడెక్కితే రేకు బిగువు ఇంకా తగ్గుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. దీన్ని ఎంసీబీ పట్టుకోలేదు, కరెంటు దారి తప్పి భూమిలోకి కారితే పడిపోయే ఆర్‌సీసీబీ కూడా పట్టుకోలేదు. పారే కరెంటు మామూలుగానే ఉంది కదా.

మీ ముక్కు పట్టుకుంటుంది. వేడెక్కిన ప్లాస్టిక్ కొన్ని రకాల్లో చేపల వాసన వేస్తుంది. చేపలు వండని ఇంట్లో చేపల వాసన వస్తే బల్లి చచ్చిందేమోనని బీరువా కింద వెతకకండి, ముందు సాకెట్ల దగ్గర వాసన చూడండి.

ఇక కొనడం. ఎస్పీ రోడ్డుకు వెళితే ఒకే రూపంలో ఉన్న బోర్డులు మూడు నాలుగు ధరల్లో కనిపిస్తాయి. రంగు, డిజైను, యూఎస్‌బీ రంధ్రాలు పక్కన పెట్టి తీగ మీద ముద్రించింది చదవండి. మంచి తీగ మీద ఐఎస్‌ఐ గుర్తు, ఎన్ని కోర్లు, అంటే లోపల ఎన్ని విడి తీగలు, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు అన్నది ఉంటుంది. తీగ ప్రమాణం ఐఎస్ 694. ప్లగ్గులకు, సాకెట్లకు ఐఎస్ 1293. ఐఎస్‌ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరికి ఇచ్చారో చూపిస్తుంది. అయితే ముద్ర దేని మీద ఉందో చూడండి. తీగకు మాత్రమే ఉన్న ముద్రను అట్టపెట్టె మీద పెద్దగా వేసి, బోర్డు అంతటికీ ఉన్నట్టు అమ్మే వాళ్ళు ఉన్నారు. ఇంకొక కిటుకు: పెట్టె మీద 10 ఆంపియర్లు, 2500 వాట్లు అని ఉంటుంది, ప్లగ్గు చూస్తే సన్నకాళ్ళది, 6 ఆంపియర్లది. రెండు అంకెలు కొట్టుకున్నప్పుడు చిన్నదాన్నే నమ్మండి. పైగా ఆ 2500 వచ్చింది 250 వోల్టుల లెక్కతో.

తీగ రాగేనా అన్న అనుమానం వస్తే చివర ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. ఇదిగో, ఈ చౌక బోర్డు తీగ. పైకి ఎర్రగా ఉంది. రెండుసార్లు గీకితే లోపల తెల్లగా తేలింది. అల్యూమినియానికి రాగి పూత. అల్యూమినియం కరెంటును రాగిలో అరవై శాతం మాత్రమే మోస్తుంది, రెండుమూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. షాపులో ఎవరూ గీకనివ్వరు, నాకు తెలుసు. చేతిలో పట్టుకుని బరువు చూడండి, అల్యూమినియం దొరికిపోతుంది.

నన్ను అడిగితే, వేడి వస్తువులకు వాడాలనుకుంటే రెడీమేడ్ బోర్డు జోలికే పోకండి. మూడు కోర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల త్రీపిన్ టాప్, ఒకటే 16 ఆంపియర్ల సాకెట్, ఒక స్విచ్, గట్టి డబ్బా తీసుకుని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కట్టించండి. కట్టేటప్పుడు పక్కన నిలబడి రెండు విషయాలు గమనించండి. తీగ చివరలకు సోల్డర్ పూసి మర కింద పెడితే ఒప్పుకోకండి. సోల్డర్ మెత్తనిది, బిగింపు కింద మెల్లగా నలిగి కొన్నాళ్ళకు మర వదులవుతుంది. తీగ ప్లగ్గులోకి వెళ్ళే మెడ దగ్గర తీగను నొక్కిపెట్టే పట్టీ బిగించాడో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఎవరైనా తీగ లాగిన ప్రతిసారీ ఆ లాగుడు నేరుగా అతుకుల మీద పడుతుంది.

ఎర్త్ గురించి కొద్దిగా. మూడు కాళ్ళలో పైది పొడుగ్గా, లావుగా ఉంటుంది. అందరికన్నా ముందు అది తగలాలి, చివరగా అది వదలాలి, అందుకే అలా చేశారు. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టేవాళ్ళనూ, రెండు కాళ్ళ మార్పిడి ప్లగ్గు తగిలించేవాళ్ళనూ ఏమనాలో నాకు తెలియదు. పాత ఇళ్ళలో మూడు రంధ్రాలు ఉన్నా పై రంధ్రానికి తీగే కలిపి ఉండకపోవచ్చు. మామూలు టెస్టరు ఆ సంగతి చెప్పదు. ఇంట్లో చేరే ముందే ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కండి. పడకపోతే మార్చాలి.

స్పైక్ గార్డ్ అని ఉన్న బోర్డులో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. పిడుగుల వల్ల, లైను మీద వచ్చే హఠాత్తు వోల్టేజీని అది మింగుతుంది. మింగిన ప్రతిసారీ కొంత అరుగుతుంది కూడా. ఎక్కువ కరెంటు లాగితే ఆపడం దాని పని కాదు. దానికి ఓవర్‌లోడ్ స్విచ్ వేరే ఉంటుంది, నొక్కితే మళ్ళీ లోపలికి వెళ్ళే చిన్న గుండీ. ఎక్కువ డబ్బు పెట్టదలచుకుంటే దానికి పెట్టండి.

వారంలో బొమ్మల కొలువు పెడతారు. మెట్లు కట్టి, తెల్ల పంచె పరిచి, సీరియల్ లైట్ల బోర్డును పంచె కిందకు తోస్తారు. ఎల్‌ఈడీ లైట్లకు కరెంటు పెద్దగా పట్టదు, దాన్ని చూసి భయం లేదు. కానీ కొలువు ముందు తడి ముగ్గు, పేరంటానికి వచ్చిన పిల్లలు, దీపారాధన నూనె, కింద కనిపించని బోర్డు. బోర్డును బట్ట బయటకు, నేల మీద నుంచి ఎత్తుగా, కంటికి కనబడేలా పెట్టండి. బోర్డుకు ఇంకో బోర్డు తగిలించి గొలుసు కట్టకండి, మొదటి బోర్డు ప్లగ్గే అందరి బరువూ మోయాలి. తీగను తలుపు సందులో, తివాచీ కింద పోనివ్వకండి. బాల్కనీలో వాషింగ్ మెషీన్‌కైతే ఎక్స్‌టెన్షన్ వద్దే వద్దు. నీళ్ళున్న చోట గోడ సాకెట్ వేయించుకోండి.

(సభలో నుంచి కొన్ని ప్రశ్నలు వచ్చాయి.)

ఆ తమ్ముడు ఎలక్ట్రిక్ స్కూటర్ గురించి అడుగుతున్నాడు. మొదటి అంతస్తు నుంచి తీగ వేలాడదీసి ఛార్జ్ చేయవచ్చా అని. ఛార్జరు మీద రాసి ఉన్న వాట్లు చూడు నాయనా, చాలావాటికి వెయ్యి లోపే. కెటిల్ కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ కెటిల్ అయిదు నిమిషాలు, ఇది నాలుగైదు గంటలు ఏకధాటిగా, అదీ అందరూ నిద్రపోయే వేళ. వదులు అతుకు ఉంటే వేడెక్కడానికి కావలసినంత సమయం. పైగా తీగ కిటికీ అంచుకు ఒరుసుకుంటుంది, వాన వస్తే నీళ్ళు తీగ వెంబడే సాకెట్‌లోకి జారతాయి. సంఘం వాళ్ళతో మాట్లాడి పార్కింగులో విడి లైను, విడి మీటరు, ఆర్‌సీసీబీతో వేయించుకోవడమే దారి. అందరూ ఇక్కడే ఉన్నారు, ఇవాళే అడుగు.

పిన్నిగారు, మీరు అడిగింది మంచి ప్రశ్న. ఏసీ ప్లగ్గు లావుకాళ్ళది, గదిలో ఉన్నది సన్న సాకెట్, మధ్యలో కన్వర్షన్ ప్లగ్గు పెట్టుకోవచ్చా అని. పెట్టకండి. ప్లగ్గు కాళ్ళు లావుగా చేసింది అది ఎక్కడ పడితే అక్కడ దూరకుండా ఉండడానికి కూడా. ఏసీ, గీజరు, ఫ్రిజ్, ఈ మూడూ నేరుగా గోడకే. ఫ్రిజ్ తక్కువ కరెంటుదే కానీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో చాలా రెట్లు లాగుతుంది, రోజుకు ఎన్నోసార్లు. అద్దె ఇల్లయినా సరే, యజమానితో మాట్లాడి 16 ఆంపియర్ల పాయింటు వేయించుకోండి.

మంట వస్తే ఏం చేయాలని అడుగుతున్నారు. అందుతుందనుకుంటే గోడ స్విచ్, లేకపోతే మెయిన్ ఆపండి. కరెంటు ఉన్నంతవరకు నీళ్ళు పోయకండి. కారిడార్‌లో ఉన్న పొడి రకం సిలిండర్ కానీ, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కానీ వాడండి. అదుపులోకి రాదనిపిస్తే తలుపు మూసి బయటకు వచ్చి 112కు ఫోన్ చేయండి.

చివరగా, పసుపు తిరిగిన బోర్డును ఏం చేయాలి? ఇన్సులేషన్ టేపు చుట్టి వాడవద్దు, పనిమనిషికి ఇచ్చేయవద్దు. మనకు పనికిరానిది వాళ్ళ ఇంట్లో మాత్రం ఎలా పనికొస్తుంది? గోడ నుంచి ప్లగ్గు పీకేసి, తీగను ప్లగ్గు మొదట్లోనూ బోర్డు మొదట్లోనూ కత్తిరించి, మూడు ముక్కలనూ ఈ-వ్యర్థాల డబ్బాలో వేయండి. కత్తిరించకుండా పడేస్తే ఎవరో ఒకరు ఏరుకుని మళ్ళీ వాడతారు. ఈ బల్ల మీద కత్తెర ఉంచి వెళుతున్నాను. మీ ఇళ్ళలో అలాంటివి ఉంటే భోజనాలయ్యాక తెచ్చి ఇక్కడ వేయండి, నేను సాయంత్రం వరకు ఉంటాను.